పెదవులు కదిపే మనిషి

నోట్లో నువ్వుగింజ నానదని కొందరిని అంటాం. లెమ్యుయెల్ టాజ్వెల్ నోట్లో బస్తా నువ్వులైనా నానుతాయి. అరవై దాటిన ఆ మనిషి పక్కన కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పుకుని లేస్తే, గుమ్మం దాకా వచ్చాక గుర్తొస్తుంది, మాట్లాడిందంతా మనమేనని. గర్వం కాదు, కోపం కాదు. మాట బయటికి వస్తే ఎవరికో ఒకరికి తగులుతుందని భయం. మా సన్నీసైడ్ పేటలో, కిటికీల పక్కనే రైలు దడదడలాడుతూ పోయే ఆ బిల్డింగులో, అలాంటి మెత్తని మనిషి మరొకడు లేడు. ఆ మెత్తదనం ఎంతమందిని గాయపరచగలదో అందరికంటే ఆలస్యంగా తెలిసింది కూడా అతనికే.

అతని పని కూడా అతనికి తగ్గదే దొరికింది. "రాష్ట్రం తరఫున" అని టీవీలో బుధవారం బుధవారం వచ్చే కోర్టు సీరియల్ ఉంది. మొదటి సగం నేరం, రెండో సగం విచారణ. ప్రాసిక్యూటరు లేచి వాదిస్తుంటే ఆయన భుజం వెనక బల్లల మీద జనం కనిపిస్తారు. ఆ జనంలో మూడో వరసలో ఒకడు లెమ్. పద్నాలుగేళ్లుగా ఒకడు. మూడు కోట్లు, రెండు కళ్లజోళ్లు, ఒక టోపీ అతని సొంత సరంజామా. గోధుమరంగు కోటు వేస్తే చచ్చినవాడి బాబాయి, నల్లకోటు వేస్తే పత్రికా విలేకరి, టోపీ చేత్తో పట్టుకుంటే ముద్దాయి పక్కింటివాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం మానేసి మరీ ఇందులో చేరాడు. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే "కోర్టులో కూర్చుంటాను" అనేవాడు. కొత్తవాళ్లు ఏ కేసులో ఇరుక్కున్నాడో పాపమని జాలిపడేవారు.

ఆ కోర్టులో ఒక కట్టుబాటు ఉంది. డైలాగు ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చప్పుడు చెయ్యకూడదు. వెనక కూర్చున్న ఎక్స్‌ట్రాలు గుసగుసలాడినట్టు పెదవులు కదపాలి, గొంతు రాకూడదు. నోరు బార్లా తెరిచి అరవాలి, గొంతు రాకూడదు. చప్పట్లు కొడితే అరచేతులు తాకకుండా ఆగిపోవాలి. జడ్జి సుత్తి కొట్టి "నిశ్శబ్దం!" అని గర్జించే క్షణాన అక్కడ నిజంగానే చీమ నడిస్తే వినిపిస్తుంది. గోల తర్వాత వేరే ఎక్కడో కలుపుతారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు పట్టలేక కిసుక్కున నవ్వి చీవాట్లు తినేవాళ్లు. లెమ్ నోటి నుంచి మాత్రం ఒక్కనాడూ చిన్న శబ్దం కూడా జారలేదు.

ఆ పెదవుల మాటల్ని చదివేవాడు ఒక్కడున్నాడు. ఫింటన్ డూలీ, ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు, ఐర్లండు వాళ్ల బిడ్డ, గొంతు విప్పితే కింద వీధిలో కుక్కలు తలెత్తి చూస్తాయి. ఇద్దరూ ఇరవై మూడేళ్లుగా నాలుగో అంతస్తులో ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద ఉంటున్నారు. ఎదురింటి మిసెస్ పెచెకో బుధవారం సాయంత్రం మొక్కజొన్న రొట్టెలు పట్టుకుని టీవీ చూడ్డానికి వచ్చేది. ప్రాసిక్యూటరు గుక్క తిప్పుకోకుండా వాదిస్తుంటే, ఫింటన్ ఆ పెద్దమనిషిని వదిలేసి వెనక మూడో వరసని చూసేవాడు.

"ఇదుగో, ఇదుగో! 'ఉల్లిపాయలు అయిపోయాయి' అంటున్నాడు. ఏం మనిషివయ్యా, పక్కన హత్య కేసు నడుస్తుంటే నీకు ఉల్లిపాయల గొడవా?"

"అవి షూటింగు నాటివి, నెలన్నర కిందటి ఉల్లిపాయలు. తెచ్చావు కూడా," అనేవాడు లెమ్, సిగ్గుపడుతూ.

దేశమంతా చూసే టీవీలో, అందరి కళ్లెదుటా, ఒక్క మనిషికి మాత్రమే అర్థమయ్యేలా అలా సంసారం చేశాడు లెమ్. ఉల్లిపాయలు, కరెంటు బల్బు, నీ మోకాలికి మందు రాసుకో. ఒకసారి మాత్రం ఇంకేదో అన్నాడు. అది చదివి ఫింటన్ లేచి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. ఏమన్నాడని మిసెస్ పెచెకో ఎన్నిసార్లు అడిగినా ఇద్దరూ చెప్పలేదు.

లెమ్ తల్లి పేరు ఒడెస్సా. అదే నగరంలో అవతలి మూల సెయింట్ ఆల్బన్స్ పేటలో ఉండేది. ఎనభై రెండేళ్లు, ఆదివారం తెల్ల చేతితొడుగులతో చర్చి గుమ్మంలో నిలబడి అందరికీ చోటు చూపించే మనిషి. ఆమె లెక్కలో ఫింటన్ తన కొడుకింట్లో అద్దెకున్నవాడు. మొదట్లో లెమ్ అలా చెప్పాడు. తర్వాత సరిదిద్దలేదు. పండక్కి చిలగడదుంపలతో 'పై' అనే తీపి రొట్టె చేసి పంపిస్తూ "నీ అద్దెవాడికి కూడా ఓ ముక్క పెట్టరా, ఒంటరి పక్షి" అనేది. ఫింటన్ ఆ ముక్క తిని "మా అద్దింటి యజమానురాలి చెయ్యి అమృతం" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు, కానీ ఏటేటా ఆ నవ్వు కాస్త తగ్గుతూ వచ్చింది.

ఆ ఏడు వసంతంలో రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. పైన కొండల్లో హార్లో ఫాల్స్ అనే చిన్న ఊళ్లో, పెళ్లి కాగితాలు ఇచ్చే టౌన్ క్లర్కుగా పనిచేసే ఒకావిడ, మగవాళ్లకీ మగవాళ్లకీ, ఆడవాళ్లకీ ఆడవాళ్లకీ పెళ్లిళ్లు చేయడం మొదలుపెట్టింది. శనివారం వస్తే టౌన్‌హాలు ముందు జనం బారులు తీరేవారు. చట్టం అందుకు ఒప్పుకోదని ఆ జిల్లా ప్రాసిక్యూటరు ఆమె మీద కేసు పెట్టాడు. తనకి వ్యక్తిగతంగా ఎవరి మీదా ద్వేషం లేదనీ, ఇది తన విధి అనీ పేపర్ల వాళ్లకి చెప్పాడు. కేసు నడుస్తూండగానే ఆవిడ పెళ్లిళ్లు చేస్తూనే ఉంది. రెండోది, ఫింటన్ గుండెలో కవాటం పాడైందని, రొమ్ము కోసి మార్చాలని డాక్టర్లు తేల్చారు. మంగళవారానికి ముహూర్తం పెట్టారు.

"శనివారం పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి హార్లో ఫాల్స్‌లో ఉంటాం," అన్నాడు ఫింటన్, బంగాళాదుంపల చెక్కు తీస్తూ. "పెచెకో కారిస్తానంది. సాక్షి సంతకం కూడా తనే పెడుతుందట. కొత్త బూట్లు కూడా కొనేసింది, పిచ్చిది."

"రేపు కోర్టు ఆ కాయితం చెల్లదంటే?"

"లోకానికి చెల్లకపోతే పోనీ. నాకు చెల్లుతుంది."

"మా అమ్మ..."

"మీ అమ్మ గుండె నా గుండెకంటే గట్టిది. దానికేం కాదు." ఫింటన్ చాకు కింద పెట్టాడు. "మంగళవారం నన్ను కోస్తారు లెమ్. కోసేముందు ఎవరో వచ్చి, ఈయనకి ఎవరున్నారని అడుగుతారు. చెప్పడానికి నాకో మాట కావాలి. ఇంకేం అక్కర్లేదు."

లెమ్ బల్ల మీది తొక్కలు దగ్గరికి పోగుచేశాడు.

"మౌనం అర్ధాంగీకారమంటారు. ఇరవై మూడేళ్లుగా నాకు ఆ సగమే దొరుకుతోంది. మిగతా సగం ఎప్పుడిస్తావయ్యా?"

"సరే," అన్నాడు లెమ్. "శనివారం."

బయటికి, గొంతుతో అన్నాడు. ఫింటన్ ఆ రాత్రి తమ ఇద్దరి కోట్లూ ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాడు.

సీరియల్ రాసేవాళ్లు మాత్రం ఊరుకుంటారా? ఊళ్లో రగిలిన మంటని టీవీ పొయ్యిలోకి తెచ్చుకోవడమే వాళ్ల వృత్తి. ఆ వారం తీస్తున్న ఎపిసోడులో ఒక టౌన్ క్లర్కు ముద్దాయి, నేరం పెళ్లిళ్లు చేయడం. ప్రాసిక్యూటరు వేషం వేసే గెరార్డ్ హాలొవే బోను ముందు అటూ ఇటూ నడుస్తూ ఆఖరి వాదన వినిపించాడు.

"ఈ చట్టం నాకు నచ్చిందా అని నన్నెవరూ అడగలేదు. అడగకూడదు కూడా. నచ్చిన చట్టాన్ని నడిపించి, నచ్చనిదాన్ని సొరుగులో పడేస్తే నేను ప్రాసిక్యూటర్ని కాను, రాజుని. ఈమె మంచి మనిషే. మంచితనం ఈ కోర్టులో విచారణకి రాలేదు."

వెనక బల్లల మీద జనం శబ్దం లేకుండా హాహాకారాలు చేశారు. లెమ్ కూడా చేశాడు. కానీ లోపల అతనికి ఆ మాటలు చల్లగా తగిలాయి. మనకి నచ్చడం, నచ్చకపోవడంతో పని లేదన్నాడు. ఎవరి విధి వాళ్లది, తప్పెవరిదీ కాదు. అలాంటి గూడు దొరికితే దాక్కోవడానికి లెమ్ ఎప్పుడూ సిద్ధమే. సాయంత్రం ఇంటికొచ్చి ఆ వాదనంతా అప్పజెప్పాడు.

ఫింటన్ ఓపిగ్గా విన్నాడు. "బాగానే చెప్పాడు మీ ప్రాసిక్యూటరు. నాకూ రూలుంది. స్టాపులో తప్ప బస్సు ఆపకూడదు. మంచు కురిసే రోజున ముసలమ్మ స్టాపుకి కాస్త ఇవతల చెయ్యెత్తితే ఆపానా, లేదా?"

"ఆపావు."

"ఎవడో ఫిర్యాదు చేశాడు. మందలించారు. మళ్లీ ఆపాను. రూలు మంచిదే లెమ్, రూలు లేకపోతే బస్సు సంతలో ఎద్దుల బండి అయిపోతుంది. కానీ బ్రేకు మీదున్న కాలు రూలుది కాదు, నాది. ఆ సంగతి వాడు చెప్పలేదు చూశావా?"

శుక్రవారం పని ముగిసే వేళకి అసిస్టెంట్ డైరెక్టరు డీనా లెమ్ దగ్గరికి వచ్చింది. జ్యూరీలో లేచి తీర్పు చెప్పే పెద్ద వేషం వేయాల్సిన నటుడు కడుపునొప్పి ముదిరి ఆస్పత్రిలో చేరాడు. ఆ కోర్టు గది సెట్టు ఈ ఏటికి ఆదివారం విప్పేస్తారు. ఆ ఒక్క సీను శనివారం తీసెయ్యాలి.

"లెమ్, ఇన్నేళ్లుగా మీ గొంతు ఎలా ఉంటుందో నేను వినలేదు తెలుసా? ఏదీ, 'దోషి' అనండి."

"దోషి," అన్నాడు లెమ్.

చుట్టుపక్కల కేబుళ్లు చుడుతున్నవాళ్లు తలెత్తి చూశారు. లోతైన గొంతు. చర్చిలో తాతల నాటి పాటలు పాడిన ఇంటిది.

"అయ్యబాబోయ్, ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ దీన్ని? రేపు పొద్దున్నే వచ్చెయ్యండి. వస్తారుగా?"

రేపు నా పెళ్లి అని చెప్పాలి. ఆ మాట నాలుక చివరికి వచ్చింది. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. డీనా అతని పెదవుల కదలికనే సరే అనుకుని చేతిలో కాగితం పెట్టి వెళ్లిపోయింది. లెమ్ ఆమె వెనకాల పరిగెత్తి చెప్పొచ్చు, కానీ పరిగెత్తలేదు. నిజం చెప్పుకోవాలంటే, పరిగెత్తాలనిపించలేదు. పద్నాలుగేళ్లుగా ఆ ఒక్క మాట కోసం కళ్లు కాయలు కాచాయి. పైగా అమ్మకి చెప్పాల్సిన గండం ఓ వారం వెనక్కి జరుగుతుంది. ఆ రెండో సంగతి ఆలోచించినందుకు తర్వాత చాలాకాలం తనని తాను తిట్టుకున్నాడు.

ఇంటికొచ్చి చెప్పాడు. ఫింటన్ తలుపు వెనక తగిలించిన కోట్ల వంక చూశాడు.

"వచ్చే శనివారం వెళ్దాం. ఆపరేషన్ అయ్యాక, నువ్వు లేచాక," అన్నాడు లెమ్.

"ఆవిడని ఇంకా ఎన్ని శనివారాలు చెయ్యనిస్తారో నీకు తెలుసా? నేను లేస్తానని తెలుసా?" తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఏ మాటట నీకిచ్చింది?"

"రెండూ తీస్తారు. దోషి అని ఒకసారి, నిర్దోషి అని ఒకసారి. కథ బయటికి పొక్కకుండా. ఏది వేస్తారో నాకూ తెలీదు."

ఫింటన్ నవ్వాడు. "గోడమీది పిల్లికి తగ్గ వేషమే ఇచ్చారు." ఆ మాట అనేశాక లెమ్ మొహం చూసి మెత్తబడ్డాడు. "వెళ్లు. ఇన్నేళ్లు కాచుకున్నావు. వెళ్లి గట్టిగా చెప్పు."

ఆ నల్లకోటే వేసుకుని లెమ్ శనివారం షూటింగుకి వెళ్లాడు. పెళ్లికి ఇస్త్రీ చేసిన కోటు. జ్యూరీ పెట్టెలో మొదటి కుర్చీలో కూర్చున్నాడు. కెమెరా తనవైపు తిరిగి ఉండగా, జడ్జి కాగితాలు సర్దుకునే ఆ కాసేపట్లో, అలవాటు కొద్దీ ఫింటన్‌తో పెదవులతో మాట్లాడాడు. తప్పయిపోయింది, క్షమించు, అన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "దోషి" అన్నాడు. అందరూ మళ్లీ మొదటి చోట్లకి వెళ్లారు, దీపాలు సరిచేశారు. ఇంకోసారి లేచి నిలబడ్డాడు. "నిర్దోషి" అన్నాడు.

డైరెక్టరు వచ్చి చెయ్యి కలిపాడు. "రెండూ ఒకేలా చెప్పారు సార్. మీ మనసులో ఏముందో మొహంలో ఇసుమంత కనబడితే ఒట్టు. అద్భుతం!"

వెనక బల్లల మీదున్న పాత నేస్తాలు అలవాటుగా అరచేతులు తాకకుండా చప్పట్లు కొట్టారు. లెమ్‌కి ఆ పూట ఆకాశం అందినట్టే అయింది. డైరెక్టరు మెచ్చుకున్నదేమిటో ఇంటికి వచ్చే రైల్లో మెల్లగా బుర్రకెక్కింది. కిటికీలో తన మొహమే కనిపిస్తోంది. దాని వంక చూడలేక తల తిప్పుకున్నాడు.

సోమవారం పై కోర్టు హార్లో ఫాల్స్ క్లర్కుకి ఉత్తర్వు పంపింది. ఇక ఒక్క పెళ్లి కూడా చేయకూడదు. ఆ శనివారమే ఆఖరిది. మిసెస్ పెచెకో ఈ వార్త చెప్పడానికి వచ్చి, గుమ్మంలోనే ఏడ్చేసింది. ఫింటన్ ఆమెని ఊరుకోబెట్టాడు గానీ లెమ్ వైపు చూడలేదు.

మంగళవారం ఆస్పత్రిలో ఫింటన్‌ని చక్రాల మంచం మీద తీసుకుపోయాక, బల్ల దగ్గరున్న అమ్మాయి కలం పట్టుకుని లెమ్‌ని అడిగింది. మర్యాదగానే అడిగింది.

"మీరు ఆయనకి ఏమవుతారండీ?"

ఈ ప్రశ్న వస్తుందని ముందే తెలుసు. దానికి జవాబు లేకుండా చేసుకున్నది తానేనని కూడా తెలుసు. అయినా, ఏదో ఒకటి చెప్పొచ్చు కదా? ఆ అమ్మాయి పెళ్లి కాగితం చూపించమని అడగలేదే! కానీ కోటుకో వేషం మార్చే మనిషికి అలవాటైన వేషమే ముందు వచ్చింది.

"ఒకే ఇంట్లో ఉంటామండీ."

"ఓ, రూమ్మేటా?"

"అవును."

అంతే. ఆపరేషన్ అనుకున్నదానికంటే చాలాసేపు సాగింది. మధ్యలో రక్తస్రావం ఆగలేదు. ఏం చెయ్యాలో అడగడానికి బంధువులు కావాలన్నారు. ఫింటన్ కాగితాల్లో ఉన్న నంబరుకి ఆస్పత్రివాళ్లు ఫోను చేస్తే, ఆల్బనీ నుంచి అతని తమ్ముడు కోల్మ్ వచ్చాడు. క్రిస్మస్ కార్డుల్లో తప్ప అన్న మొహం చూడని తమ్ముడు. సంతకాలు అతను చేశాడు. లోపలికి అతను వెళ్లాడు. ఆస్పత్రి నడవాలో లెమ్ గోడకి చేరబడి నిలబడితే, కోల్మ్ బయటికి వచ్చి భుజం తట్టాడు.

"గండం గడిచిందటండీ. లోపలికి సొంతవాళ్లనే రానిస్తారట. మీరింక ఇంటికెళ్లండి, పాపం పొద్దుట్నుంచీ ఉన్నారు. మా అన్నయ్యని బాగా చూసుకుంటున్నారట, చాలా థాంక్స్."

చెంపదెబ్బ కూడా అంత గట్టిగా తగలదు. లెమ్ పెదవులు కదిలాయి. కోల్మ్‌కి పెదవులు చదవడం రాదు.

ఫింటన్ బతికాడు. మూడు వారాలకి ఇంటికొచ్చాడు, సగమై. ఏమీ అనలేదు. తిట్టలేదు, అలగలేదు. కాకపోతే కొత్త పిలుపు ఒకటి పట్టుకొచ్చాడు.

"రూమ్మేటుగారూ, కాస్త టీ పెడతారా?"

"ఫింటన్..."

"కళ్లు తెరిచేసరికి కోల్మ్ మొహం. 'నీ రూమ్మేటు బయటున్నాడు, మంచివాడు' అన్నాడు. ఎవరబ్బా ఈ రూమ్మేటు, మా ఇంట్లో మూడో మనిషి ఎప్పుడు దిగాడా అని మత్తులో తెగ ఆలోచించాననుకో. పంచదార వద్దండి, రూమ్మేటుగారూ."

దెబ్బలాడితే తిరిగి దెబ్బలాడొచ్చు. పంచదార వద్దన్నవాడితో ఎలా పోట్లాడతాం? లెమ్ టీ పెట్టాడు, మందులిచ్చాడు, కట్లు మార్చాడు. ఫింటన్ అన్నిటికీ "థాంక్సండీ" అన్నాడు.

ఆ ఎపిసోడు వేసిన బుధవారం మిసెస్ పెచెకో రొట్టెలతో వచ్చింది. లెమ్‌కి డైలాగుందని బిల్డింగంతా ఆవిడే చాటింది, కింది అంతస్తు వాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చున్నారు. ఫింటన్ దిండ్లు ఆనుకుని పడకకుర్చీలో ఉన్నాడు. హాలొవే వాదించాడు, క్లర్కు వేషం వేసినామె కళ్లు తుడుచుకుంది. జ్యూరీ లోపలికి వచ్చింది. జడ్జి కాగితాలు సర్దుకునే చోటు రాగానే లెమ్ ముందుకి వంగాడు. తను క్షమించమన్నది అక్కడే.

తెర మీద అది లేదు. ఆ ముక్క కోసేశారు. జ్యూరీ పెద్ద లేచిన చోట కూడా లెమ్ లేడు. కెమెరా హాలొవే మొహం మీదే నిలబడిపోయింది. గెలిచి కూడా గెలవని ప్రాసిక్యూటరు మొహం. దాని మీద ఎక్కడి నుంచో ఒక లోతైన గొంతు వినిపించింది.

"దోషి."

"మన లెమ్! మన లెమ్ గొంతే!" అని మిసెస్ పెచెకో చప్పట్లు కొట్టింది. చప్పుడయ్యే చప్పట్లు. మిగతావాళ్లూ కొట్టారు, కథ గుర్తొచ్చి ఒక్కొక్కరే ఆపారు. ఆ ఇద్దరికీ పెళ్లి చేయాల్సినావిడకి శిక్ష వేసింది అదే గొంతు.

ఫింటన్ తెర వైపు నుంచి తల తిప్పలేదు. "నీ మొహమేదీ?"

"కోసేశారు." లెమ్ పడకకుర్చీ పక్కకి జరిగాడు. "అందులో నీకోసం ఒక మాట అన్నాను. క్షమించమన్నాను."

"గొంతు లేకుండానా?"

"అవును."

"క్షమాపణ కూడా గొంతు లేకుండానేనా లెమ్?" అప్పటిదాకా వేళాకోళం చేసిన మనిషి ఇప్పుడు తల తిప్పి అతని మొహంలోకే చూశాడు. "దోషి అన్నది మాత్రం ఊరంతా విన్నది."

అప్పుడే ఫోను మోగింది. లెమ్ తీశాడు. ఆ ఇంట్లో ఫోను గోడకి ఉంటుంది, ఎవరు మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. ఒడెస్సా గొంతు దాన్ని చీల్చుకుని వచ్చింది.

"ఏరా నాయనా! విన్నానురా నీ గొంతు! మీ నాన్న గొంతేరా అది, అచ్చం ఆయనే. మంచి మాట చెప్పావు. ఆ పెళ్లిళ్లు చేసే ఆవిడకి తగిన శాస్తే. చర్చిలో అందరికీ చెప్తాను, నా కొడుకే తీర్పు చెప్పాడని."

"అమ్మా..."

"నీ అద్దెవాడికి ఎలా ఉంది? లేచి తిరుగుతున్నాడా? పై చేసి పంపించనా?"

లెమ్ పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. పడకకుర్చీలోంచి ఫింటన్ ఆ పెదవులనే చూస్తున్నాడు. చదివాడు. చదివి కూడా తల అడ్డంగా ఊపాడు. ఈసారి చదవనన్నాడు.

"అమ్మా, ఫింటన్ అద్దెకున్నవాడు కాదు," అన్నాడు లెమ్. "నా మనిషి. ఇరవై మూడేళ్లుగా నా మనిషి. ఆవిడ దగ్గరికి పెళ్లికి వెళ్లాల్సినవాళ్లం మేమే."

ఒడెస్సా ఇంట్లో టీవీ మోగుతూనే ఉంది, ఏదో సబ్బు ప్రకటన పాట. చాలాసేపు ఆ పాటే వినిపించింది.

"ఈ రొదలో వినపడలేదు," అంది ఒడెస్సా చివరికి. గొంతు మారిపోయింది. "ఉండు, టీవీ కట్టేసి వస్తాను. మళ్లీ చెప్పు."

విన్నదని లెమ్‌కి తెలుసు. ఆమె ఇస్తున్నదేమిటో కూడా తెలుసు. ఇంకో అవకాశం ఇస్తోంది. అందరూ మొదటి చోట్లకి వెళ్లి, దీపాలు సరిచేసుకుని, ఈసారి రెండో మాట చెప్పడానికి. ఇన్నేళ్ల బతుకులో అలాంటి అవకాశం అతను ఒక్కటి కూడా వదులుకోలేదు. సబ్బు పాట ఆగిపోయింది. అవతల ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"చెప్పు," అంది.

"ఫింటన్ నా మనిషమ్మా," అన్నాడు లెమ్. అదే మాట, ఇంకాస్త గట్టిగా.

ఒడెస్సా ఏమీ అనకుండా ఫోను పెట్టేసింది. లెమ్ కూడా పెట్టేశాడు. మిసెస్ పెచెకో రొట్టెల పళ్లెం ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. కింది అంతస్తువాళ్లు ఎప్పుడు లేచి వెళ్లారో తెలీదు.

"ఏమంది?" అన్నాడు ఫింటన్.

"ఏమీ అనలేదు."

"నువ్వేమన్నావు?"

"విన్నావుగా."

ఫింటన్ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

"విన్నాను లెమ్," అన్నాడు.